దుబాయి నుంచి శాటిలైట్ ఫోను తెప్పించుకోవచ్చా? (మడిపాక్కం అపార్ట్‌మెంటు సందేహం)

పారిజాతం, మడిపాక్కం
అక్టోబరు 4, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. మాది చెన్నై మడిపాక్కంలో 48 ఇళ్ల అపార్ట్‌మెంటు. ఈ ఏడాది సంఘం కార్యదర్శి పదవి నా నెత్తిన పడింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో నడుము లోతు నీళ్లు నిలిచాయి. 4వ తేదీ ఉదయం కరెంటు పోయింది. మధ్యాహ్నానికి ఫోన్లు మూగబోయాయి. ఆ తరువాత రెండున్నర రోజులు, మేము క్షేమంగా ఉన్నామన్న ఒక్క మాట విజయవాడలో ఉన్న మా అమ్మకు చేరవేసే దారి లేకపోయింది.

అంతకన్నా పెద్ద కష్టం ఇంకొకటి. రెండో అంతస్తులో ఒక పెద్దాయనకు వారానికి మూడుసార్లు డయాలిసిస్ జరగాలి. 5వ తేదీ ఆయన వంతు. మేడ మీద నలుగురం నాలుగు మూలల్లో నిలబడి, ఫోను పైకెత్తి, సిగ్నల్ గీత ఒక్కటైనా కనిపిస్తుందేమోనని గంటసేపు చూశాం. చివరికి చేపల పడవ ఒకటి ఎవరికోసమో మా వీధిలోకి వస్తే, బతిమాలి ఆయన్ని అందులో ఎక్కించాం.

సంఘం నిధిలో లక్షన్నర ఉంది. మా మరిది దుబాయిలో ఉంటాడు. అక్కడ శాటిలైట్ ఫోను దుకాణాల్లో మామూలుగా అమ్ముతారట, దీపావళికి వస్తూ తెస్తానంటున్నాడు. కొందామని సగం మంది, దండగని సగం మంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పాత ఎక్స్ఛేంజి, అన్నానగర్
అక్టోబరు 4, రాత్రి 9.31

అమ్మా, ముందు మీ మరిదికి ఈ రాత్రే ఫోను చేసి వద్దని చెప్పండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

మన దేశంలో అనుమతి లేని శాటిలైట్ ఫోను దగ్గర ఉంచుకోవడమే నేరం. విమానాశ్రయంలో దొరికితే సెట్టు పోవడంతో సరిపోదు, కేసు పడుతుంది. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం దగ్గర నుంచీ ఈ కట్టడి ఉంది. 2008 ముంబయి దాడుల్లో ఉగ్రవాదులు ఇలాంటి ఫోనే వాడారు కాబట్టి ఆ తరువాత మరీ బిగించారు. తురయా, ఇరిడియం కంపెనీల ఫోన్లు రెండూ ఇక్కడ నిషిద్ధం. సరదాగా కొండలెక్కడానికి వచ్చిన విదేశీయులు తెలియక సంచిలో పెట్టుకొచ్చి పోలీసు స్టేషన్లో కూర్చున్న సందర్భాలు ఉన్నాయి.

చట్టం ఒప్పుకునే దారి బీఎస్ఎన్ఎల్ 2017 మేలో మొదలుపెట్టిన ఇన్మార్‌శాట్ శాటిలైట్ ఫోను సేవ. మొదటి విడతలో విపత్తు నిర్వహణ, పోలీసు, రైల్వే వంటి విభాగాలకు ఇచ్చారు. మిగిలినవారు టెలికాం శాఖ అనుమతి తెచ్చుకోవాలి. అపార్ట్‌మెంటు సంఘం ఆ కాగితాల వెంట తిరిగేలోపు రెండు వానాకాలాలు దాటిపోతాయి.

పారిజాతం, మడిపాక్కం
అక్టోబరు 4, రాత్రి 9.58

చెప్పేశాను. ఖర్జూరం తెమ్మన్నాను.

సందేహాల రాయుడు, పెరుంగుడి
అక్టోబరు 5, ఉదయం 7.20

నాకు ఈ సమాధానం నచ్చలేదు. మెడలోతు నీళ్లలో ఉన్నవాడికి చట్టం సెక్షన్లు చెబుతారా? పైగా కాలం మారింది. 2025 జూన్‌లో ఉపగ్రహ ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్‌కు కూడా మన దేశంలో లైసెన్సు వచ్చింది. వన్‌వెబ్, జియో వాళ్లకు అంతకుముందే వచ్చింది. రేపు డిష్ యాంటెన్నా గిన్నె ఒకటి మేడ మీద పెట్టుకుంటే అపార్ట్‌మెంటు మొత్తానికి వైఫై, వాట్సాప్ కాల్. టోంగా సంగతి గుర్తుందా? 2022 జనవరి 15న సముద్రంలో అగ్నిపర్వతం పేలి, దేశానికి ఉన్న ఒక్కగానొక్క అంతర్జాతీయ కేబులు తెగింది. అది అతికే వరకు, ఐదు వారాలపాటు, ఆ దేశాన్ని ప్రపంచంతో కలిపి ఉంచినవి ఉపగ్రహాలే. ఒక దేశానికి పనికొచ్చింది 48 ఇళ్లకు పనికిరాదా?

పాత ఎక్స్ఛేంజి, అన్నానగర్
అక్టోబరు 5, ఉదయం 8.05

రాయుడు గారూ, పనికిరాదని నేనలేదు. ఆ మాట ఎక్కడికి వెళ్లి ఎక్కడ దిగుతుందో చూడమంటున్నాను.

పారిజాతం గారి దగ్గర అనుమతి ఉన్న ఇన్మార్‌శాట్ ఫోనే ఉందనుకోండి. మేడ ఎక్కి మాట్లాడితే, ఆ మాట 36,000 కిలోమీటర్లు పైకి వెళ్లి, తిరిగి గాజియాబాద్‌లో ఉన్న భూకేంద్రంలో దిగుతుంది. అక్కడి నుంచి మామూలు టెలిఫోన్ దారుల్లో చెన్నైకి రావాలి. ఆవిడ పిలిచింది పక్క వీధిలో పడవ ఉన్న మనిషి మొబైల్‌ను అనుకుందాం. మాట ఢిల్లీ పొలిమేర దాకా వెళ్లి వచ్చి, మడిపాక్కంలో చచ్చిపడి ఉన్న ఆ టవరు దగ్గరే మళ్లీ ఆగిపోతుంది! విజయవాడలో అమ్మగారితో నిక్షేపంగా మాట్లాడవచ్చు. ఎదురు వీధితో మాట్లాడలేరు.

ఇంకో సంగతి. నేను ఉద్యోగంలో ఉండగా ఒక తుఫాను రాత్రి డ్యూటీలో ఆ సెట్టు చేతిలో పట్టుకున్నాను. గదిలో పనిచేయదు, ఆకాశం కనబడాలి. ఆ ఉపగ్రహం భూమధ్యరేఖ మీద ఉంటుంది కాబట్టి మనకు దక్షిణం వైపు అడ్డం ఉండకూడదు. నేను యాంటెన్నా లాగి పట్టుకుని నిలబడితే, ప్యూను నా మీద గొడుగు పట్టాడు. గొడుగు ఎగిరిపోయింది, ఫోను మాత్రం మాట్లాడుతూనే ఉంది. మనం అన్న మాట అవతలికి చేరడానికి పావు సెకను, జవాబు రావడానికి ఇంకో పావు సెకను. తెలియనివాళ్లు ఆ విరామంలో "హలో, హలో" అంటూ ఒకరి మీద ఒకరు పడి మాట్లాడతారు. ఒకరు ముగించి ఆగితేనే రెండోవారు మొదలుపెట్టాలి. మా అధికారి పది నిమిషాల్లో చెప్పింది మూడు వాక్యాలు.

రాత్రి డ్యూటీ, పోరూరు
అక్టోబరు 5, మధ్యాహ్నం 2.40

నేను నర్సును. ఏ ఆసుపత్రో చెప్పను. మా మేడ మీద కూడా ఒక గిన్నె ఉండేది. అత్యవసరంలో శాటిలైట్ ద్వారా ఇంటర్నెట్ వస్తుందని, తనిఖీకి ఎవరొచ్చినా చూపించేవారు. 2015 డిసెంబరు 1 రాత్రి చెంబరంబాక్కం చెరువు నీళ్లు వదిలాక అడయారు నది పొంగింది. గిన్నె చుక్క నీరు అంటకుండా పైన చక్కగా ఉంది. దాని తీగ వచ్చి తగులుకునే పెట్టె ఎక్కడుంది? సెల్లారులో, కంప్యూటర్ల గదిలో. జనరేటరూ అక్కడే. అర్ధరాత్రి దాటాక సెల్లారు నిండింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లను చీకట్లో చేతి పంపుతో ఊపిరి కొడుతూ మెట్ల మీదుగా దించాం. ఎవరిని ఏ ఆసుపత్రికి పంపాలో, ఎక్కడ మంచం ఖాళీ ఉందో అడగడానికి ఫోను లేదు. ఒక వార్డు బాయ్ నీళ్లలో నడిచి వెళ్లి ఖాళీలు కనుక్కుని వచ్చాడు.

గిన్నె కొనేవాళ్లు కొనండి. దాని పెట్టె, బ్యాటరీ ఏ అంతస్తులో పెడతారో ముందు చెప్పండి.

సందేహాల రాయుడు, పెరుంగుడి
అక్టోబరు 5, సాయంత్రం 6.15

చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. పెట్టె పైనే పెడదాం, ఒప్పుకున్నాను. కానీ బ్యాటరీ లెక్క వేశాను, చూడండి. ఇలాంటి గిన్నెకు సుమారు 75 వాట్లు కావాలి. ఇంట్లో వాడే 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ఇన్వర్టరు బ్యాటరీ అంటే 1,800 వాట్ అవర్లు. కాగితం మీద 24 గంటలు.

పాత ఎక్స్ఛేంజి, అన్నానగర్
అక్టోబరు 5, సాయంత్రం 6.32

కాగితం మీద. పాత బ్యాటరీ, ఇన్వర్టరు తినే వాటా, మధ్యలో ఎవరో పెట్టే ఫోను చార్జరు, ఎవరో వేసే ఫ్యాను. 12 గంటలు వస్తే సంతోషించండి. 2015లోనూ 2023లోనూ టవర్లు కూలలేదు, గాలికి విరగలేదు. కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయి, డీజిల్ తెచ్చే బండికి దారి లేక ఆగిపోయాయి. మీ గిన్నెకు పట్టే గతీ అదే.

తోకచుక్క, ఆదంబాక్కం
అక్టోబరు 5, రాత్రి 10.50

ఆలస్యంగా వచ్చాను. నేను హ్యామ్ రేడియో మనిషిని, అంటే సరదా కోసం సొంత రేడియోలో దూరాలవాళ్లతో మాట్లాడే రకం. 19 ఏళ్లుగా లైసెన్సు ఉంది.

వాన గురించి ఎవరూ చెప్పలేదు. జోరు వానలో ఇంట్లో డిష్ టీవీ ఆగిపోవడం అందరం చూశాం. ఆ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లు, వాన చినుకు కొన్ని మిల్లీమీటర్లు. చినుకులు దానిని మింగుతాయి, చెదరగొడతాయి. ఇంటర్నెట్ గిన్నెలు పనిచేసేదీ అలాంటి తరంగాల మీదే కాబట్టి, సరిగ్గా కుంభవృష్టి సమయంలో కాసేపు తడబడతాయి. ఇన్మార్‌శాట్ ఫోను తరంగం దాదాపు 19 సెంటీమీటర్లు. చినుకులను అది లెక్కచేయదు. పాత ఎక్స్ఛేంజి గారి గొడుగు ఎగిరినా ఫోను ఆగకపోవడానికి కారణం ఇదే.

మా హ్యామ్‌లకు కూడా ఉపగ్రహాలున్నాయి. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఇస్రో పంపిన హ్యామ్‌శాట్ మాకోసమే. తొమ్మిదేళ్లు పనిచేసింది. తక్కువ ఎత్తులో తిరిగే రకం కాబట్టి ఒక్కోసారి పది, పన్నెండు నిమిషాలే నెత్తి మీద ఉండేది. ఇప్పుడు ఖతారు వాళ్ల ఉపగ్రహం ఒకటి స్థిరంగా ఉంది. పాత టీవీ గిన్నెతో నేను వింటూ ఉంటాను. అయితే అది పడమర దిక్కున, బాగా కిందికి ఉంటుంది. పక్కింటివాళ్లు కొత్త నీళ్ల ట్యాంకు కట్టినప్పటి నుంచి నాకు వినబడటం లేదు. గొడవ పెట్టుకోలేను, వాళ్లింటి నుంచి రోజూ సాంబారు వస్తుంది.

అసలు విషయం. పారిజాతం గారికి కావలసింది ఆకాశం దాకా వెళ్లే మాట కాదు, మూడు వీధుల అవతలికి వెళ్లే మాట. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తి గల వాకీటాకీలకు లైసెన్సు అక్కర్లేదు. పరికరం మాత్రం ప్రభుత్వ ఆమోదం పొందిన రకమై ఉండాలి. ఆన్‌లైన్‌లో దొరికే ప్రతిదీ ఆ రకం కాదు, చూసి కొనండి. ఇంకాస్త దూరం కావాలంటే మీలో ఒకరు హ్యామ్ పరీక్ష రాయండి. 12 ఏళ్లు నిండిన పిల్లలు కూడా రాయవచ్చు.

పాత ఎక్స్ఛేంజి, అన్నానగర్
అక్టోబరు 6, ఉదయం 6.40

హ్యామ్ వాళ్లతో ఇదే చిక్కు. ప్రతి రోగానికీ వాళ్ల దగ్గర ఒకటే మందు.

తోకచుక్క, ఆదంబాక్కం
అక్టోబరు 6, ఉదయం 7.02

మందు పనిచేసింది కాబట్టే అయ్యా. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్ గారి హ్యామ్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున, ప్రపంచంలోని తోటి హ్యామ్‌లను పలకరించడానికి వెళ్లారు. అంతకుముందు చాలా ఏళ్లు అండమాన్ నుంచి హ్యామ్‌లను మాట్లాడనివ్వలేదు. భూమి కంపించాక ఆ సరదా కేంద్రమే క్షేమ సమాచారాల కేంద్రమైంది.

సందేహాల రాయుడు, పెరుంగుడి
అక్టోబరు 6, ఉదయం 9.18

అయితే ఉపగ్రహాలన్నీ దండగేనా? ఇస్రో ఎందుకు మరి?

కెరటం, కాశిమేడు
అక్టోబరు 6, రాత్రి 8.25

దండగ అన్న మాట చూసి రాస్తున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా. మా నాన్న, చిన్నాన్నలు కాశిమేడు రేవులో పడవల మీద పనిచేశారు. నేను ఒడ్డున లెక్కలు చూస్తాను.

తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటాక ఫోను మూగది. లాంచి మీద వెళ్లినవాళ్లు వారం, పది రోజులు లోపలే ఉంటారు. 2017 నవంబరు చివర ఓఖీ తుఫాను కేరళ, కన్యాకుమారి పడవలను ముంచినప్పుడు, లోపలున్నవాళ్లకు తుఫాను సంగతే చేరలేదు. హెచ్చరిక రేవులో మైకులో మోగుతోంది, వినవలసినవాడు సముద్రంలో ఉన్నాడు. ఆ తరువాతనే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ల జెమిని పెట్టె వచ్చింది, 2019లో. గగన్ అనే దారి చూపే ఉపగ్రహ వ్యవస్థ నుంచి హెచ్చరిక తీసుకుని పడవలో ఉన్న సెల్‌ఫోనులో చూపిస్తుంది. మనం తిరిగి మాట్లాడలేం.

అటు నుంచి కేక వేయడానికి ఇస్రో వాళ్ల ఆపద సంకేత పెట్టె 2010 నుంచి ఉంది. మా నాన్న దాని మీద పసుపు కుంకుమ పెట్టేవాడు. మీటలు మీరు చూడాలి. మంటలంటుకున్నాయి, పడవ మునుగుతోంది, మనిషి నీళ్లలో పడ్డాడు, వైద్యం కావాలి. అంతే, ఎవరూ వాక్యాలు రాయనక్కర్లేదు. ఏది నొక్కితే అది, పడవ ఉన్న చోటుతో సహా, ఉపగ్రహం మీదుగా బెంగళూరులోని కేంద్రానికి, అక్కడి నుంచి తీర రక్షక దళానికి వెళుతుంది.

పాత పెట్టెలో ఒక లోపం ఉండేది. నొక్కిన తరువాత ఎవరైనా విన్నారో లేదో తెలిసేది కాదు. ఇంజను ఆగి, చీకట్లో, అలల మధ్య, నొక్కి కూర్చోవాలి. మా చిన్నాన్న ఒకసారి అలా తొమ్మిది గంటలు కూర్చున్నాడు. విన్నారనుకుంటే నీళ్లు పొదుపుగా తాగి ఆగవచ్చు, వినలేదనుకుంటే తెడ్లు వేసి ఎటైనా కదలాలి. ఏది చేయాలో తెలియక నలుగురూ పోట్లాడుకున్నారట. చివరికి పక్క పడవవాళ్లు చూసి తాడు వేశారు. 2024 జనవరిలో వచ్చిన కొత్త రకంలో "మీ సంకేతం అందింది" అని తిరిగి వస్తుంది. ఇప్పుడు లక్ష పడవలకు పెడుతున్న, ఉపగ్రహంతో మాట్లాడే ట్రాన్స్‌పాండర్లలో రెండు వైపులా సందేశాలు నడుస్తాయి.

మీరంతా మాట గురించి చెబుతున్నారు. మాకు మాట అక్కర్లేదు. "అందింది" అన్న ఒక్క ముక్క చాలు, తెల్లారేదాకా ఉండగలం.

రాత్రి డ్యూటీ, పోరూరు
అక్టోబరు 6, రాత్రి 9.10

తొమ్మిది గంటలు!

కృష్ణాతీరం, టి.నగర్
అక్టోబరు 7, ఉదయం 5.55

నాకు 71 ఏళ్లు. మాది అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నేను చదువు కోసం మద్రాసులోనే ఉన్నాను. ఊరు పోయిందన్న కబురు నాకు ఇరవై రెండో తేదీన అందింది. దారులు తెగాయి, తంతి స్తంభాలు పడిపోయాయి, చెప్పడానికి వెళ్లవలసినవాడు చెట్టెక్కి ఉన్నాడు. పదివేల మంది పోయారని ప్రభుత్వ లెక్క. మా పల్లెలో అడిగితే ఆ లెక్క ఒప్పుకోరు.

1980ల మధ్యలో తీరగ్రామాల్లో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు అందుకునే పెట్టెలు పెట్టారు. మద్రాసు తుఫాను హెచ్చరిక కేంద్రం నుంచి పంపితే, ఏ జిల్లాకు ఉద్దేశిస్తే ఆ జిల్లా పెట్టె ముందు సైరను కూసి, తరువాత తెలుగులో మాట్లాడేది. 1990 మే తుఫాను బలంలో దివిసీమ తుఫానుకు తీసిపోయేది కాదు. ముందుగా లక్షల మందిని కదిలించారు, పోయినవారు వెయ్యి లోపు. అంతా పెట్టె మహిమ అనను. బస్సులు, పక్కా భవనాలు, అధికారుల పరుగులు అన్నీ ఉన్నాయి. కానీ మా పెద్దమ్మ ఆ సైరను విని నవ్విందట, "ఆకాశవాణి నిజంగానే ఆకాశం నుంచి వస్తోంది" అని. నవ్వుతూనే మేకలను విప్పిందట.

సందేహాల రాయుడు గారికి ఇది జవాబో కాదో తెలియదు.

సందేహాల రాయుడు, పెరుంగుడి
అక్టోబరు 7, ఉదయం 8.30

జవాబే అండీ. క్షమించాలి.

వేదిక నిర్వాహకులు
అక్టోబరు 7, ఉదయం 10.00

పార్టీల ప్రస్తావనతో వచ్చిన మూడు సందేశాలు తొలగించాం. చెరువు గేట్లు ఎవరు ఎప్పుడు తెరిచారన్న వాదనకు వేరే చర్చ ఉంది.

విశాఖ వలస, తాంబరం
అక్టోబరు 8, రాత్రి 9.45

హుద్‌హుద్ రోజుల్లో (2014 అక్టోబరు 12) వైజాగ్‌లో ఉన్నాను. నాలుగు రోజులు ఫోను లేదు. ఒక చిన్న చిట్కా చెప్పి వెళతాను. సిగ్నల్ ఒక్క గీత వచ్చి పోతున్నప్పుడు కాల్ చేయకండి, మామూలు ఎస్ఎమ్మెస్ పంపండి. కాల్‌కు దారి కడదాకా తెరిచి ఉండాలి, ఎస్ఎమ్మెస్ సందు దొరికినప్పుడు దూరి వెళ్లిపోతుంది. ఆ ఎస్ఎమ్మెస్ ఊళ్లో ఉన్నవాళ్లకు కాదు, వేరే ఊళ్లో ఉన్న ఒకే ఒక్క చుట్టానికి పంపాలి. అందరి కబురూ ఆ చుట్టం దగ్గర చేరుతుంది. మాకు రాయపూర్‌లో ఉన్న మేనత్త అలా పనికొచ్చింది, ఇప్పటికీ ఆ గొప్ప చెప్పుకుంటుంది.

పారిజాతం, మడిపాక్కం
అక్టోబరు 12, రాత్రి 8.50

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సంఘం సమావేశం పెట్టి ఈ చర్చ మొత్తం అచ్చు తీసి చదివాను. కెరటం గారి సందేశం దగ్గర ఎవరూ మాట్లాడలేదు.

శాటిలైట్ ఫోను కొనడం లేదు. అది ఎవరి దగ్గర ఉందో కనుక్కుందామని ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాం. ఉంది. బీరువాలో, అట్టపెట్టెలో, పాలితీను కవరు కూడా తీయకుండా. చార్జింగు ఎప్పుడు పెట్టారని అడిగితే, తాళం ఉన్న మనిషి సెలవులో ఉన్నాడన్నారు. బీరువా తీసి చూపించిందెవరు మరి? అడగలేదు. ఆయన మంచివాడు, టీ ఇప్పించాడు. నెలకోసారి చార్జింగు పెట్టి, మేడ ఎక్కి ఒక్క కాల్ చేసి చూడమని విన్నపం రాసిచ్చి వచ్చాం. విపత్తు వేళ మా వీధి కబురు అక్కడికి చేర్చే పని మాది, అక్కడి నుంచి పైకి పంపే పని వారిది అని అనుకున్నాం. అక్కడికి మా నుంచి ఒకటిన్నర కిలోమీటరు.

ఆ దూరం కోసం నాలుగు వాకీటాకీలు తీసుకున్నాం, ఆమోదం ఉన్నవే. తోకచుక్క గారు ఆదివారం స్వయంగా వచ్చి చూపించారు. మేడ మీద నుంచి కైవేలి కూడలి దాకా వినబడింది. మెట్ల దగ్గర, లిఫ్టు పక్కన అస్సలు వినబడలేదు. అన్నిటికన్నా స్పష్టంగా మాట్లాడింది మా కాపలాదారు. మిగిలినవాళ్లం మీట వదలకుండానే జవాబు కోసం చూస్తూ నిలబడ్డాం. డయాలిసిస్ పెద్దాయన, ఇన్సులిన్ వాడేవాళ్లు, నిండు గర్భిణి ఒకరు, ఏ ఇంట్లో ఎవరున్నారో కాగితం మీద రాసి మూడో అంతస్తులో పెట్టాం. ఇన్వర్టరు కూడా పైకి ఎక్కించాం, దానికే ఎక్కువ ఖర్చయింది. డయాలిసిస్ పెద్దాయన మనవడికి 13 ఏళ్లు, హ్యామ్ పరీక్షకు పుస్తకం మొదలుపెట్టాడు.

పాత ఎక్స్ఛేంజి, అన్నానగర్
అక్టోబరు 12, రాత్రి 9.15

ఆ కుర్రవాడికి బ్యాటరీల పాఠం నేను చెబుతాను. రేడియో పాఠం ఆ తోకచుక్కనే చెప్పమనండి.

పారిజాతం, మడిపాక్కం
అక్టోబరు 19, ఉదయం 7.30

రాత్రి బాగా వాన పడితే వాకీటాకీలు తీశాం. నాలుగింటిలో రెండింటికి చార్జింగు లేదు. బి బ్లాకువాళ్లు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే, చార్జరు తిరిగి మూడో అంతస్తులో పెట్టండి. పిల్లల బొమ్మ కారుకు అది సరిపోదు, నేను చూశాను.